చవుటిమన్ను మొదలు సబ్బుపొడి దాక

హనుమకొండకు పడమట, కాజీపేట దాటిన పిమ్మట ధర్మసాగరు చెరువు కనబడును. ఈనాడిది ఒక్క ఊరి చెరువు మాత్రమే కాదు. దేవాదుల ఎత్తిపోతల పథకము క్రింద గోదావరి జలము ఇచ్చటికి చేరుచున్నది. ఇచ్చటి నీరు వరంగల్లు, హనుమకొండ, కాజీపేట వాసుల దాహము తీర్చుచున్నది. ఒక ప్రసంగమునకు కావలసిన సంగతులు సేకరించుటకై ఆ ఊరికి పోయినపుడు, ఒక ఇంటి ముంగిట బోరింగు చెంత బట్టలుతుకుచున్న ముదుసలితో కొంతసేపు మాటాడితిని.

“అవ్వా, బకెట్టుకు పొడి ఎంత వేస్తావు?” అని అడిగితిని.

“ఎంతేంది బిడ్డా! నురుగొచ్చేదాంక ఏస్త” అన్నది.

ఆమె చేతులవంక చూచితిని. వ్రేళ్ళ సందులలో చర్మము తెల్లగా ఎండి, సన్నని గీతలుగా చిట్లి యున్నది. అడుగగా, “పొడి పడది. అయినా ఉతకకుంటే ఎట్ల?” అని మరల పనిలో పడినది. ఆ ఒక్క మాట నన్ను చాల దూరము నడిపించినది. నురుగు వచ్చుటకును మురికి పోవుటకును సంబంధమేమి? నురుగును కొలతగా పెట్టుకొను అలవాటు మన ఇండ్లలోనికి ఎప్పుడు వచ్చెను? అంతకు పూర్వము మనవారు దేనితో ఉతికిరి, ఎట్లు కొలిచిరి? శ్రోతలకు ఇది చిన్న విషయముగ తోచవచ్చును. కాని బట్ట ఒంటికి తగులనివాడు లేడు. కావున ఆ బట్టలో మిగిలినది ఒంటికి అంటనివాడును లేడు.

ఏ బట్టకు ఏ మందు అను విచారణ మన దేశమున కొత్తది కాదు. మనుస్మృతి ఐదవ అధ్యాయమున ద్రవ్యశుద్ధిని గూర్చి చెప్పుచోట వస్త్రముల ప్రస్తావన కలదు. పట్టునకును ఉన్నికిని చవుటిమన్ను, మేకబొచ్చు కంబళ్ళకు కుంకుళ్ళు, సన్నని నారచీరలకు మారేడు పండు, అవిసెనార బట్టలకు తెల్ల ఆవాలు అని అచ్చట విధింపబడినది. ఇందు కొన్ని నేటి రసాయనజ్ఞునికి వింతగ తోచును. ఉన్నిని క్షారములో నానవేయుటకు అతడు సమ్మతింపడు. పట్టు విషయమున మాత్రము, దారముపై నుండు జిగురును వదలించుటకు తేలిక క్షారమును నేటికిని వాడుచునే యున్నారు. సరియైనదో కాదో అటుంచుడు. నాలుగు రకముల బట్టలకు నాలుగు వస్తువులను వేరుపరచి చెప్పిన ఆ దృష్టి గమనింపదగినది. అన్నిటికి ఒకే పొట్లము అను మాట అంగడి మనకు నేర్పినదే గాని పెద్దలు నేర్పినది కాదు.

కౌటిల్యుని అర్థశాస్త్రము ఇంకొక అడుగు ముందుకు వేసినది. చాకలివాడు చెక్కపలకపైగాని, నునుపైన రాతిపైగాని ఉతుకవలెననియు, వేరొకచోట ఉతికి బట్టను పాడుచేసినచో 6 పణముల జరిమానాతోపాటు నష్టమునుకూడ ఇచ్చుకొనవలెననియు శాసించినది. తన బట్టలపై ముద్గరపు గుర్తు లేకుండ అన్యుల బట్టలు కట్టినచో 3 పణములు. చలువకు ఇచ్చిన బట్టలు ఊరేగుటను గూర్చిన ఫిర్యాదు ఎంత ప్రాచీనమో దీనివలన తెలియుచున్నది!

మన పల్లెల మాటకు వత్తము. తెలంగాణ గ్రామములలో చవుడు దొరకని చోటు తక్కువ. నీరు నిలిచి ఇంకి ఆవిరియగు పల్లపు నేలలలో, ఎండకాలమున మంటిపై తెల్లని పొరకట్టును. ఆ పొరను గీకి తెచ్చి నీట కలిపి, తేరిన నీటిలో మురికి బట్టలను తడిపెడివారు. పిమ్మట బానలో నీరు పోసి, దానిపై బట్టలను పేర్చి, క్రింద మంట పెట్టి, ఆవిరితో ఉడికించెడివారు. దీనినే ఉబ్బ వేయుట యందురు. మరునాడు రేవులో బండపై బాది, జాడించి, ఇసుక తిన్నెలపై ఎండ వేయుదురు. ఇందలి కీలకము ఇది: చవుటిలో ప్రధానముగ నుండునది సోడా, అనగా సోడియము కార్బొనేటు. చెమటలోను వంటనూనెలోను ఉండు క్రొవ్వు, ఈ క్షారముతోడను వేడితోడను కలిసి, కొంతమేరకు తానే సబ్బుగ మారును. మురికియే తనను తాను కడుగుకొనునట్లు చేయుట! చదువులేని చేతులు కనుగొన్న ఈ ఉపాయము నన్ను ఎల్లప్పుడును ఆశ్చర్యపరచును.

అయితే ఉబ్బ వేసినవారికి కొలత ఉండెడిది. చవుడు ఎక్కువైనచో నూలు మెత్తబడి చినుగును. తక్కువైనచో జిడ్డు పోదు. తేరిన నీటిని వ్రేళ్ళమధ్య రుద్దిచూచి, ఆ జారుడునుబట్టి నిర్ణయించెడివారు. నురుగు అచ్చట ప్రమాణము కాదు. ఏలయన చవుటినీరు స్వతహాగ నురుగదు.

కుంకుడుకాయ కథ వేరు. దానిలోని సాపొనిను అను పదార్థము నీటిలో నురుగును, జిడ్డును విడదీయును. కాని క్షారము కాదు, ఇంచుక ఆమ్లగుణము కలది. అందుచేతనే పట్టుచీరలకును, ఉన్ని శాలువలకును, తలంటికిని మన తల్లులు దానినే ఏరుకొనిరి. ఉప్పునీటిలో సబ్బువలె విరిగిపోకుండుట దీని రెండవ సుగుణము. ప్రకృతి ఇచ్చినది గనుక హాని లేదనుకొనుట మాత్రము పొరపాటు. కుంకుడు రసము కంటబడినప్పటి మంట ఎరుగని తెలుగు బాలుడు ఉండడు. చేపలు దానివలన చచ్చునని జాలరులకు తెలియును.

ఇంతవరకు వస్తువుల మాట. చేతుల మాట చెప్పకున్న ఈ చరిత్ర అర్ధమే యగును. ఊరి బట్టలు ఉతికిన కుటుంబములకు రైతులు పంటకళ్ళమున గింజలు కొలుచుట వాడుక. కాని నిజాము రాజ్యమున, తెలంగాణలో, దొరల గడీల బట్టలకు ఆ గింజలు కూడ లేవు. అది వెట్టి. అధికారి ఊరికి దిగినను, దొర ఇంట పెండ్లియైనను, పిలుపు వచ్చిన క్షణమున రజకులు తమ పని మాని పోవలెను. ధర్మసాగరు ఉన్న ఈ వరంగల్లు సీమలోనే, పాలకుర్తిలో, చిట్యాల ఐలమ్మ అను రజక స్త్రీ, కౌలుకు తీసికొన్న తన చేను పంటను విసునూరు దేశముఖు పట్టుకొనిపోజూచినపుడు ఆంధ్రమహాసభ కార్యకర్తల అండతో ఎదిరించి నిలిచెను. 1940ల నాటి తెలంగాణ రైతాంగ పోరాటమున ఆ పాలకుర్తి చేను ఒక మైలురాయి. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10వ తేదీన కన్నుమూసెను. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టబడినది. దొర తెల్లని ధోవతి వెనుక ఎవరి చర్మము చిట్లినదో ఆ రోజులలో కొలిచినవారు లేరు. నేడు పొడి డబ్బాతో, యంత్రముతో ఆ పని మన ఇండ్లలోనికి వచ్చినది. చర్మపు లెక్కయు వెంట వచ్చినది.

చర్మము ప్రస్తావన వచ్చినది గనుక ఒక విచిత్రమైన ఉదంతము చెప్పెదను. పలు ఇండ్ల బట్టలు కలిసిపోకుండ ధోబీలు ప్రతి బట్టకు చిన్న గుర్తు పెట్టుదురు. ఆ గుర్తుకు వాడునది మన అడవులలో దొరకు నల్లజీడి. గింజను సూదితో పొడిచి, ఆ రసముతో చుక్కలు పెట్టి, సున్నము తాకించినచో గుర్తు నల్లబడి, ఎన్ని ఉతుకులకైనను చెరగదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మన దేశమునకు వచ్చిన అమెరికా సైనికులలో కొందరికి మెడవెనుక, నడుముచుట్టు, సరిగా గుర్తు తగులుచోటనే, ఎర్రని దద్దురులును బొబ్బలును లేచెను. కారణము తెలియక వైద్యులు మొదట తికమకపడిరి. తుదకు బట్టపై గుర్తుకును ఒంటిపై పుండుకును స్థానము సరిపోవుట గమనించి, 1943లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ఆ సంగతి ప్రకటించిరి. జీడి, మామిడి, అమెరికాలో పెరుగు ఒక విషపు తీగ, ఈ మూడును ఒకే కుటుంబపు చెట్లు. ఆ తీగ తగిలి ఇదివరకే పడని ఒళ్ళు గలవారికి జీడిచుక్క కూడ పడలేదు.

దీనికి తోడు ఇంకొక అపనింద కలదు. తొడల సందున వచ్చు ఒక విధమైన తామరకు ఆంగ్లేయులు ‘ధోబీ ఇచ్’ అని పేరు పెట్టిరి. అది బూజు జాతి సూక్ష్మజీవివలన, తడివలన, చెమటవలన వచ్చునది. దొరగారు తమ చెమటను మరచి ఉతికినవాని పేరు దానికి తగిలించిరి. నిఘంటువులలో ఆ పేరు నేటికిని ఉన్నది.

జీడిగుర్తు ఉదంతము మనకు ఒక పెద్ద భేదమును బోధించుచున్నది. ఉతుకు మందులవలన చర్మమునకు వచ్చు బాధ రెండు విధములు. మొదటిది రాపిడివంటిది: క్షారము, సబ్బు, నీరు మరలమరల తగిలి చర్మముపై సహజముగ నుండు నూనెపొరను కరిగించును. ఇది ఎవరికైనను వచ్చును. మోతాదు పెరిగిన కొలది పెరుగును, తగ్గిన కొలది తగ్గును. ధర్మసాగరు అవ్వ చేతులను చూచినపుడు నాకు తోచినది ఇదియే. రెండవది పడకపోవుట: ఒక ప్రత్యేక పదార్థమునకు ఒక ప్రత్యేక శరీరము ఎదురుతిరుగును. జీడిరసము, పరిమళద్రవ్యములు, ద్రవరూపపు సబ్బులు చెడిపోకుండుటకు కలుపు కొన్ని మందులు ఈ కోవకు చేరును. ఇందు మోతాదు తగ్గించుటవలన అంతగా లాభము లేదు. ఆ పదార్థమునే మానవలెను. ఈ రెంటిని కలగాపులగము చేయుటచేతనే ఇంటింట పొట్లములు మార్చుచు, కొలత మాత్రము మార్చక, బాధపడుచున్నారు.

సబ్బు మన దేశపు అంగళ్ళకు విరివిగ వచ్చినది 19వ శతాబ్దపు చివరి భాగమున. 1888లో లీవరు సోదరుల సన్‌లైటు సబ్బుకట్టల పెట్టెలు కలకత్తా రేవున దిగెను. స్వదేశీ ఉద్యమ ప్రభావమున దేశీయ కర్మాగారములు లేచెను. మైసూరు ప్రభుత్వపు సబ్బు ఫ్యాక్టరీ 1916లోను, టాటా నూనెమిల్లుల సంస్థ 1917లోను ఏర్పడినవి. మైసూరు ఫ్యాక్టరీ వెనుకనున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారే మూసీ వరదల పిమ్మట హైదరాబాదునకు జలాశయములు సూచించిన మహనీయుడని మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1934లో వరంగల్లున ఆజంజాహి మిల్లు నెలకొన్నది. మిల్లుబట్ట పెరిగినది, బట్టలు పెరిగినకొలది ఉతుకును పెరిగినది.

సబ్బునకు ఒక బద్ధశత్రువు కలదు. అది ఉప్పునీరు, అనగా సున్నము, మెగ్నీషియము కరిగియున్న కఠినజలము. తెలంగాణ నేల రాతినేల. ఆ రాతి పగుళ్ళలో నిలిచిన బోరునీటిలో ఈ ఖనిజములు తరచుగ ఎక్కువ. చెరువునీరు వాననీరే గనుక సాధారణముగ మెత్తన. ఒక లెక్క వేసి చూడుడు. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యముగల నీరు అంత అరుదైనది కాదు. త్రాగునీటికి మన దేశపు ప్రమాణము 200 అయినను, వేరు నీరు లేనిచోట 600 వరకు అనుమతించుచున్నది. అట్టి 300 కాఠిన్యపు నీరు 20 లీటర్ల బకెట్టులో సుమారు 37 గ్రాముల సబ్బు, మురికిని ముట్టుకొనకముందే, తెల్లని తెట్టుగా విరిగిపోవును. ఆ తెట్టే బట్టలకు పట్టి, వాటిని బిరుసెక్కించి, పసిపిల్లల మెడలను గీరును. సబ్బు అరగదీయగా అరగదీయగా తుదకు నురుగు వచ్చినది అనగా, సున్నము అంతయు తీరిపోయి ఇప్పుడే పని మొదలైనదని అర్థము. కాబట్టి సబ్బు కాలమున “నురుగు వచ్చేదాక” అను మాట సరియైన కొలతయే! అవ్వ తప్పు పలుకలేదు. ఆమె మాట ఒక తరము వెనుకటి వస్తువునకు చెందినది.

తరువాత వచ్చిన వస్తువు సబ్బు కాదు. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీకి కొవ్వులు, నూనెలు కరవాయెను. తిండికే చాలనపుడు సబ్బునకు ఎక్కడివి? అందుచే తారునుండి తీసిన ద్రవ్యములతో సబ్బువంటి పదార్థములను తయారుచేసిరి. 1930లలో జర్మనీలోను అమెరికాలోను అవి ఇండ్లలోనికి వచ్చెను. 1946లో అమెరికాలో వెలువడిన టైడు పొడిలో, నీటిలోని సున్నమును బంధించి యుంచు ఫాస్ఫేటును కూడ కలిపిరి. దానితో కఠినజలపు పీడ చాలవరకు వదలెను. ఇంకొక పీడ వచ్చెను: ఆనాటి పదార్థము నదులలో కుళ్ళక, పశ్చిమదేశముల ఏరులపై నురుగు కొండలై తేలెను. 1960లలో సూక్ష్మజీవులు తినగల రకమునకు మార్చిన పిమ్మటగాని ఆ నురుగు అణగలేదు.

మన దేశమున 1959లో సర్ఫు వచ్చెను. 1969లో గుజరాతునందు కర్సన్‌భాయి పటేలు నిర్మా పొడిని ఇంటింట తిరిగి అమ్మనారంభించెను. ధర అందుబాటులోనికి రాగా, అంతవరకు కట్టసబ్బుతో సరిపుచ్చుకొన్న ఇండ్లలోనికి పొడి ప్రవేశించెను. చవుక పొడులలో సోడా పాలు పెద్దది. చూచితిరా? పల్లపు నేలలో గీకి తెచ్చిన చవుటి సారమే రంగు పొట్లములో మరల మన ఇంటికి వచ్చినది. తేడా ఏమనగా, చవుటినీటిని వ్రేళ్ళతో పరీక్షించిన నేర్పు దాని వెంట రాలేదు.

ఈ పొడులలో నురుగు పనికి గుర్తు కాదు. మురికిని విడదీయునది కంటికి కనబడదు. నురుగు కేవలము దాని వెంట వచ్చు అలంకారము. కొనువారు నురుగు కోరుదురు గనుక తయారుచేయువారు దానిని సమకూర్చుదురు. ముందుతలుపు యంత్రములలో నురుగు హానియే చేయును. బట్టలు ఒకదానిపై ఒకటి పడి రాచుకొనవలసినచోట నురుగు పరుపువలె అడ్డుపడును. అందుకే ఆ యంత్రములకు తక్కువ నురుగు పొడి వేరుగ అమ్ముదురు. పొడి ఎక్కువ వేసినచో మురికి ఎక్కువ పోదు. ఒక హద్దు దాటిన పిమ్మట పోవునది నీరును, రూకలును మాత్రమే. మిగిలిన పొడి నూలుపోగులలో నిలిచి, చెమట పట్టగానే ఒంటికి దిగును. చర్మపు ఉపరితలము కొంచెము ఆమ్లగుణము కలది. పొడినీరు బలమైన క్షారము. ఈ రెండును దినమెల్ల మెడపట్టీలోను నడుముపట్టీలోను తారసిల్లుచుండును.

మా ఇంటనే ఇది జరిగినది. కొన్ని సంవత్సరముల క్రిందట మా చిన్నవానికి మెడచుట్టును మోకాళ్ళ వెనుకను దురద పట్టి రాత్రులు నిద్ర లేకపోయెను. పొడులు మూడు మార్చితిమి. తుదకు చర్మవైద్యుని వద్దకు తీసికొనిపోగా, ఏ పొడి వాడుదురని ఆయన అడుగలేదు, “ఎన్నిసార్లు జాడిస్తారండీ?” అని మాత్రము అడిగిరి. ఒక్కసారి! మా బోరునీరు కఠినము, యంత్రము నిండ బట్టలు, డబ్బామూతతో వంచిన పొడి, పైన సువాసన ద్రవము. వైద్యుడు ఇచ్చిన లేపనముతోపాటు పొడిని సగము చేసితిమి, ఇంకొక జాడింపు కలిపితిమి, సువాసన ద్రవమును మానితిమి. కొన్ని వారములలో వాడు నిద్రపోయెను. ఈ నాలుగింటిలో ఏది ఎంత మేలు చేసినదో నేను చెప్పజాలను. సువాసన ద్రవము పని మాత్రము తెలిసికొంటిని: అది బట్టలో మిగిలిపోవుటకే తయారైనది, కడిగిపోవుటకు కాదు.

గృహిణులకు కొలత విషయమున ఒక మాట. పొట్లముపై అచ్చువేసిన మోతాదును ఒక్కసారి ఇంటి త్రాసులో తూచి, అది మీ ఇంటి చెంచాతో ఎన్ని చెంచాలో గుర్తు పెట్టుకొనుడు. మెత్తని నీరైనచో, బట్టలు చెమటకే మాసినవైనచో, దానికంటె తగ్గించి చూడవచ్చును. బోరునీరు, నూనె మరకలు ఐనచో పూర్తి మోతాదు. ఉతికి ఎండిన తువ్వాలును శుభ్రమైన నీటిలో ముంచి పిండుడు; నీరు తెల్లబడి నురుగినచో మీరు వాడుచున్నది ఎక్కువయనియో, జాడించునది తక్కువయనియో తెలియును. చేతితో ఉతుకువారు పొడిని ముందుగ నీట కరిగించి బట్టలను పిమ్మట ముంచవలెను; తడిబట్టపై పొడి చల్లి రుద్దుటకంటె చేతికి కీడు వేరొకటి లేదు. రక్తము, పాలు, గ్రుడ్డు మరకలకు ఎంజైములు గల పొడి మంచిది. కాని పట్టునకు, ఉన్నికి అది పనికిరాదు, ఏలయన ఆ మరకల జాతివే ఆ దారములును. అచ్చట మరల కుంకుడుకాయయే శరణ్యము. పసిబిడ్డల బట్టలకు, పడని ఒళ్ళు గలవారికి సువాసన లేని రకము. క్రొత్త బట్టలను ఉతుకక కట్టరాదు.

ధర్మసాగరునకు మరల వత్తము. ఆ అవ్వ బకెట్టులో నేనే పొడి వేసి చూపితిని. బోరింగు నీటిలో రెండు చెంచాలు వేయగా నురుగు అంతంతమాత్రము. “గింతేనా? దీనికేం పోతది మురికి” అని ఆమె నవ్వినది. పక్కనే నల్లానీరు పట్టియుంచిన బిందె ఉండెను. అది త్రాగుటకును వంటకును మాత్రమేనట, నల్లా వచ్చునది కొద్దిసేపే గనుక. అందులోని రెండు చెంబుల నీరు తీసి, ఒక చెంచా పొడితో మనుమరాలి గౌను ఉతికి, మరి రెండు చెంబులతో జాడించితిని. పిండిన నీరు తేటగా వచ్చినది. ఆమె ఆ నీటిని వ్రేళ్ళమధ్య రుద్దిచూచినది, పూర్వము చవుటినీటిని చూచినట్లే. కొంత ఆలోచించి, “పోరిదాని బట్టలకైతే నల్లానీళ్ళు ఏస్త. నా చీరలకు బోరింగే” అన్నది.